ప్యాకింగ్‌కి ఫుల్ మార్కులు, బిల్లుకి సున్నా

లాంగ్ ట్రిప్ కోసం నా బైక్‌ని ఓడలో ఇంకో ఖండానికి పంపించాను. ఏజెంటు పేరు చెప్పను గానీ, ప్యాకింగ్‌లో మాత్రం వంక పెట్టడానికి లేదు. పెట్రోలు తీసేసి, బ్యాటరీ వైర్లు ఊడదీసి, ముందు చక్రం, అద్దాలు, విండ్‌స్క్రీన్ విప్పి పెట్టెను వీలైనంత చిన్నది చేశారు. ఇది చిన్న విషయం కాదు, ఓడలో ఘనపు మీటర్ల లెక్కనే కడతాం, విమానంలో అయితే ఒక ఘనపు మీటరుని దాదాపు 167 కిలోలుగా లెక్కేస్తారు కాబట్టి బండి బరువు కన్నా పెట్టె సైజే జేబు ఖాళీ చేస్తుంది. చెక్క మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు) కూడా ఉంది, అది లేకపోతే చాలా దేశాల్లో పెట్టెను ఆపేస్తారు.

అసలు గొడవ అవతలి రేవులో మొదలైంది. ముందు చెప్పిన రేటు ఓడ ఖర్చుకేనట, దించినందుకు, గోదాములో ఉంచినందుకు, కాగితాలకు అన్నిటికీ వేరే బిల్లు! పైగా బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే సరుకు ఓడకెక్కిందని ఇచ్చే రసీదులో, ఛాసిస్ నంబరు ఒక్క అక్షరం తప్పు కొట్టారు, కార్నెట్‌తో (దిగుమతి పన్ను కట్టకుండా బండిని కొన్నాళ్లు వేరే దేశంలోకి తీసుకెళ్లనిచ్చే పత్రం) సరిపోలక కస్టమ్స్ వాళ్లు రెండు రోజులు ఆపారు, టెన్షన్‌తో నిద్ర లేదు, ఆ రెండు రోజుల గోదాము అద్దె కూడా నా నెత్తినే.

బండి మీద గీత కూడా పడలేదు, అది నిజం. మళ్లీ పంపాల్సి వస్తే వీళ్లకే ఇస్తానేమో, కాకపోతే అవతలి రేవు చార్జీలన్నీ ముందే రాయించుకుని, కాగితాల్లో నంబరు నేనే చదివి చూసుకున్నాకే.