‘ఎస్‌ఎస్‌ఓ ఉంది సార్’ అంటే నమ్మి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. మీరు కొనేముందు ఇది చదవండి

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న, రెండు వారాల కిందటే చేరిన కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. “సార్, నాకు పోయినేడాది ఫామ్ 16 కనిపిస్తోంది. అప్పుడు నేను ఇక్కడ లేనుగా?”

అతని ల్యాప్‌టాప్‌లో చూస్తే పేస్లిప్‌లు, ఫామ్ 16, పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, నామినీగా పెట్టిన భార్య పేరు, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ అతనివి కావు. ఎనిమిది నెలల కిందట మానేసి వెళ్లిపోయిన మనిషివి. ఇద్దరి పేరూ ఒకటే, శ్రీనివాస్ అనుకోండి. హైదరాబాద్‌లో నూట నలభై మంది పనిచేసే ఆఫీసులో ఇద్దరు ముగ్గురు శ్రీనివాస్‌లు లేకపోతేనే ఆశ్చర్యం. పాతాయన వెళ్లాక ఆయన మెయిల్ ఐడీ ఖాళీగా ఉంది కదా అని కొత్తాయనకి అదే ఇచ్చాం. ఆ మెయిల్ ఐడీతో అతను లాగిన్ కాగానే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ పాత శ్రీనివాసే తిరిగొచ్చాడనుకుంది. హెచ్‌ఆర్ వాళ్లు ‘ఎగ్జిటెడ్’ అని మార్క్ చేసి మూసేసిన ఖాతాని ఎవరినీ అడక్కుండా తనంతట తానే తెరిచి, కొత్తవాడి చేతిలో పెట్టింది.

మెయిల్ ఐడీ మళ్లీ వాడటం మా తప్పే, ఒప్పుకుంటాను. ఆ రోజే ఆ అలవాటు మానేశాం. కానీ ఈ పోస్టు మా తప్పు గురించి రాయడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ని మేం ఎలా కొన్నామో, ఎస్‌ఎస్‌ఓ (సింగిల్ సైన్-ఆన్, అంటే ఆఫీసు లాగిన్ ఒక్కదానితోనే అన్ని అప్లికేషన్లూ తెరవడం) పేరుతో ఎంత కట్టామో, కట్టాక లోపల ఏం బయటపడిందో చెప్తాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివాళ్లు ఒక్కరే ఉండరు కాబట్టి పేరు కంటే లక్షణాలు తెలిస్తేనే మీకు ఉపయోగం.

పద్నాలుగు నెలల కిందట సెలవులకీ జీతాలకీ కలిపి ఒక వెబ్ అప్లికేషన్ కావాలని వెతికాం. మా ఆఫీసులో అందరి లాగిన్లూ మైక్రోసాఫ్ట్ ఎంట్రా అనే లాగిన్ వ్యవస్థలో ఉన్నాయి. 2023 దాకా దాన్ని అజూర్ ఏడీ అనేవాళ్లు, మాలో సగం మంది ఇప్పటికీ అలాగే అంటారు. మనిషి మానేసిన రోజు ఎంట్రాలో ఒక్కచోట ఆపితే అన్నిచోట్లా ఆగిపోవాలి, అందుకే ఎస్‌ఎస్‌ఓ లేనిది కొనొద్దని నేనే పట్టుబట్టాను. సేల్స్ అబ్బాయి “ఉంది సార్, ఫుల్ సపోర్ట్” అన్నాడు. కొటేషన్ చూస్తే మామూలు ప్లాన్ మనిషికి నెలకి 90 రూపాయలు, ఎస్‌ఎస్‌ఓ ఉన్న ప్లాన్ 160. నూట నలభై మందికి ఏడాదికి ఆ తేడానే 1,17,600, దాని మీద 18 శాతం జీఎస్టీ. సెటప్ ఫీజు అంటూ ఇంకో పాతిక వేలు. మొత్తం ఏడాది డబ్బూ ముందే కట్టాలి.

భద్రతకి సంబంధించినదాన్ని పై ప్లాన్‌లో పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో పాత అలవాటే. ‘ఎస్‌ఎస్‌ఓ ట్యాక్స్’ అని దానికో పేరు కూడా ఉంది. దాని మీద నాకు కోపం ఉంది కానీ, కట్టినదానికి సరుకు సరిగా వస్తే సర్దుకుపోయేవాణ్నే.

సెటప్‌కి రెండు రోజులనుకుంటే పదకొండు రోజులు పట్టింది. మామూలుగా అవతలివాళ్లు ఒక మెటాడేటా ఫైలు పంపుతారు, దాన్ని ఎక్కిస్తే అడ్రసులన్నీ వాటంతటవే పడతాయి. వీళ్లు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపారు. అందులో చూసి రిప్లై యూఆర్‌ఎల్ (లాగిన్ అయ్యాక ఎంట్రా మనిషిని తిరిగి పంపాల్సిన అడ్రస్) చేత్తో టైప్ చేశాం. చివర ఒక గీత (/) తేడా వచ్చినందుకు ఎంట్రా అడ్రస్ సరిపోలేదంటూ 50011 ఎర్రర్ చూపిస్తూ కూర్చుంది. అది వాళ్లకి చెప్తే “మీ సైడ్ ఇష్యూ సార్” అన్నారు. ఒక పొద్దంతా పోయింది. మెటాడేటా ఫైలు ఇవ్వలేనివాళ్లు ఈ పని పెద్దగా చేసినవాళ్లు కారని ఆరోజే అర్థం కావాల్సింది. కాలేదు.

తెలియనివాళ్ల కోసం లోపల జరిగేది రెండు ముక్కల్లో చెప్తాను. మీరు అప్లికేషన్ తెరవగానే అది మిమ్మల్ని ఎంట్రా దగ్గరికి పంపుతుంది. ఎంట్రా మీ పాస్‌వర్డూ ఓటీపీ చూసుకుని, ‘ఈ మనిషి ఫలానా, ఈ చీటీ ఫలానా అప్లికేషన్‌కి మాత్రమే, ఇన్ని నిమిషాలే చెల్లుతుంది’ అని ఒక చీటీ రాసి సంతకం పెట్టి మీ బ్రౌజర్ చేతికిస్తుంది. అప్లికేషన్ ఆ చీటీ చదివి లోపలికి రానిస్తుంది. ఈ పద్ధతిని మేం ‘సామెల్’ (SAML) అంటాం, ఇప్పుడు వాడే దాని 2.0 రూపం 2005 నుంచి ఉన్న ప్రమాణం. కొత్తగా కట్టే అప్లికేషన్లు ఎక్కువగా 2014లో వచ్చిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ వాడతాయి. చీటీ తనకే రాసిందా, గడువు ఉందా అని చూడటం కాక, ఏదైనా అప్లికేషన్ చేయాల్సిన ముఖ్యమైన పనులు రెండు: చీటీ మీద సంతకం అసలుదేనా చూడటం, చీటీలో ఉన్న మనిషి తన దగ్గర ఉన్న ఏ ఖాతావాడో సరిగ్గా పోల్చుకోవడం. మాకు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు రెండింట్లోనూ తప్పారు.

ముందు మనిషిని పోల్చుకోవడం సంగతి. శ్రీనివాస్ గొడవకి ఆరు నెలల ముందే మాకొక హెచ్చరిక వచ్చింది, మేం పట్టించుకోలేదు. అకౌంట్స్‌లో ఒకమ్మాయికి పెళ్లయింది. ఇంటిపేరు మారింది, మెయిల్ ఐడీ కూడా మార్పించుకుంది. మర్నాడు లాగిన్ అయితే ఆమె సెలవులన్నీ సున్నా. మూడేళ్లుగా దాచుకున్న ఎర్న్‌డ్ లీవులు మాయం. అప్లికేషన్ ఆమెని ఎవరో కొత్త ఉద్యోగి అనుకుని ఖాళీ ఖాతా తెరిచిందన్నమాట. సపోర్ట్‌కి రాస్తే రెండు ఖాతాల్నీ చేత్తో కలిపి “రిజాల్వ్డ్” అని టికెట్ మూసేశారు. పెళ్లి చేసుకుంటే లీవులు పోతాయని ఆఫీసంతా వారం రోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

రెండు చోట్లా రోగం ఒక్కటే. వాళ్లు మనిషిని మెయిల్ ఐడీతో గుర్తుపడుతున్నారు. మెయిల్ ఐడీ మారుతుంది, ఒకరిది ఇంకొకరికి వెళ్తుంది. ఎంట్రాలో ప్రతి మనిషికీ ఆబ్జెక్ట్ ఐడీ అని ఎప్పటికీ మారని పొడుగాటి నంబరొకటి ఉంటుంది, దాన్ని చీటీలో పంపొచ్చు. ఇదేమీ నా సొంత తెలివి కాదు. సామెల్‌లో ‘పర్సిస్టెంట్’ రకం గుర్తు ఒకసారి ఒకరికిచ్చాక ఇంకెప్పుడూ మరొకరికి ఇవ్వకూడదని ఆ ప్రమాణంలోనే రాసుంది. ఓపెన్‌ఐడీ కనెక్ట్ అయితే మెయిల్‌ని మనిషి గుర్తుగా వాడొద్దని నేరుగా చెప్తుంది. 2023 జూన్‌లో ‘ఎన్‌ఓఆత్’ పేరుతో బయటపడిన లోపం కూడా ఇదే బాపతు. అజూర్ ఏడీలో తనకి నచ్చిన మెయిల్ అడ్రస్ పెట్టుకున్నవాడు, మెయిల్‌ని నమ్మే అప్లికేషన్లలో ఇంకొకరి ఖాతాలోకి దూరగలిగాడు. ఇంత గొడవ జరిగాక కూడా మా సాఫ్ట్‌వేర్‌వాళ్లు మెయిల్ మీదే నడుపుతున్నారు.

ఈ మాటే రాసి ఆబ్జెక్ట్ ఐడీకి మార్చమన్నాను. “సార్, మా డేటాబేస్‌లో ఈమెయిలే ప్రైమరీ కీ” అని జవాబొచ్చింది, అంటే ఒక్కో మనిషి రికార్డునీ వేరుచేసే గుర్తే మెయిల్ అన్నమాట. నాలుగు ముక్కల ఆ జవాబులో వాళ్ల సాఫ్ట్‌వేర్ మొత్తం కనిపించింది నాకు.

రెండోది ఇంకా భయంకరం, అది మాకు పొరపాటున దొరికింది. శ్రీనివాస్ సంగతి తవ్వుతుండగా మా జూనియర్ ఎంట్రాలో ఈ అప్లికేషన్ సెట్టింగుల్లోకి వెళ్లి, చూసుకోకుండా కొత్త సర్టిఫికెట్ తయారుచేసి దాన్నే యాక్టివ్ చేసేశాడు. ఎంట్రా చీటీల మీద సంతకం పెట్టేది ఆ సర్టిఫికెట్‌తోనే. అవతలివాళ్ల దగ్గర ఉన్నది పాతది, సెటప్ రోజున నేను చేత్తో పేస్ట్ చేసింది. కాబట్టి ఆ క్షణం నుంచి సంతకం సరిపోక నూట నలభై మందికీ లాగిన్ ఆగిపోవాలి. “అన్నా, తప్పయిపోయింది” అని వాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫోన్లు మోగుతాయని అరగంట చూశాం. ఒక్కటీ మోగలేదు. నేను లాగిన్ అయి చూశాను, హాయిగా తెరుచుకుంది.

ఆ అరగంట ఉన్న టెన్షన్ వేరు, ఆ తర్వాత పట్టుకున్న టెన్షన్ వేరు. సర్టిఫికెట్ మారినా చీటీ చెల్లిందంటే, సంతకాన్ని వాళ్లు దేనితో పోల్చుతున్నట్టు? సపోర్ట్‌ని అడిగితే “పని చేస్తోంది కదా సార్, ఇంకేంటి ప్రాబ్లమ్?” అన్నారు. పని చేయడమే ప్రాబ్లమ్ అని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి మూడు కాల్స్ పట్టాయి. చివరికి వాళ్ల డెవలపర్ లైన్లోకొచ్చి నిజం చెప్పాడు, అతను మాత్రం మంచివాడు. చీటీతో పాటు ఒక సర్టిఫికెట్ కాపీ కూడా వస్తుంది. వాళ్ల కోడ్ తమ దగ్గర దాచుకున్న సర్టిఫికెట్‌ని అసలు చూడదట, చీటీలో వచ్చిన ఆ కాపీతోనే సంతకం సరిచూసుకుంటుందట. అంటే ఎవడో దొంగ చెక్కు తెచ్చి, “నమూనా సంతకం కూడా నేనే తెచ్చాను, పోల్చుకోండి” అంటే బ్యాంకువాడు పోల్చి చూసి, సరిపోయిందని డబ్బులివ్వడం. ఆ పద్ధతి తెలిసినవాడు మా ఎండీ పేరుతో చీటీ తనే రాసుకుని లోపలికి వెళ్లొచ్చు. మా ఎంట్రాకి ఆ సంగతే తెలియదు.

సామెల్‌లో సంతకం సరిచూడటం నిజంగానే కష్టమైన పని, దాన్ని తేలిక చేసి మాట్లాడను. 2012లో పరిశోధకులు 14 సామెల్ ఫ్రేమ్‌వర్కులు పరీక్షిస్తే 11 దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబర్‌లో రూబీ-సామెల్ అనే లైబ్రరీలో (చాలా అప్లికేషన్లు తమలో కలుపుకునే రెడీమేడ్ కోడ్) లోపం బయటపడి, డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ లాంటిదే హడావిడిగా ప్యాచ్ ఇచ్చింది. అయితే అవన్నీ నిపుణులు తలలు పగలగొట్టుకుని కనిపెట్టిన సందులు. మాకు అమ్మినవాళ్లది తలుపే పెట్టని ఇల్లు.

సంతకం తప్పుని తొమ్మిది రోజుల్లో సరిచేశారు, ఆ మాట చెప్పాలి. కొత్త శ్రీనివాస్ ఒక్కడే చూశాడా, ఇంకెవరైనా చూశారా తెలుసుకుందామని లాగిన్ లాగులు (ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో రాసుకునే రికార్డులు) అడిగితే మాత్రం ముప్పై రోజులవే ఉన్నాయన్నారు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగులు ఉంచాలని చెప్తే “చెక్ చేసి చెప్తాం” అన్నారు. ఇంకా చెక్ చేస్తూనే ఉన్నారు. డబ్బు వెనక్కి అడిగాను. కాంట్రాక్టులో ‘ఎస్‌ఎస్‌ఓ సదుపాయం’ అని రెండే రెండు మాటలున్నాయి, అది ఇచ్చాం కదా అన్నారు. అక్కడ దొరికిపోయాం.

పాత శ్రీనివాస్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. అంతా విని, “పోనీలే అన్నా, నా జీతం చూసి వాడే జాలిపడి ఉంటాడు” అన్నాడు. నవ్వించాడు కానీ, బ్యాంకు నంబరు గురించి మాత్రం రెండుసార్లు అడిగాడు.

మీరిలాంటిది కొనబోతుంటే డెమోలో వాళ్ల స్లైడ్లు చూడకండి. డబ్బు కట్టకముందు ఒక ట్రయల్ ఖాతా తీసుకుని మీ ఎంట్రాతోనో, గూగుల్ వర్క్‌స్పేస్‌తోనో, ఓక్టా, కీక్లోక్ లాంటి వేరే లాగిన్ వ్యవస్థతోనో కలపండి. ఒక టెస్ట్ మనిషిని పెట్టి లాగిన్ చేయించి, అతని మెయిల్ ఐడీ మార్చి మళ్లీ లాగిన్ చేయించండి, అదే ఖాతా తెరుచుకోవాలి. తర్వాత పాత మెయిల్ ఐడీని ఇంకో టెస్ట్ మనిషికిచ్చి చూడండి, ఈసారి మొదటివాడి ఖాతా తెరుచుకోకూడదు. సర్టిఫికెట్ కావాలనే మార్చండి, లాగిన్ ఆగిపోవాలి. ఆగకపోతే అక్కడే లేచి వచ్చేయండి, మిగతావి చూడక్కర్లేదు.

పాత పాస్‌వర్డ్ దారి కూడా చూడండి. మా దాంట్లో ఎస్‌ఎస్‌ఓ పెట్టాక కూడా ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని ఎంట్రాతో సంబంధం లేకుండా లోపలికి వెళ్లొచ్చు. ఆ దారి అందరికీ మూసి, ఎంట్రా పడిపోయిన రోజున వాడుకోవడానికి ఒకే ఒక్క అడ్మిన్ ఖాతా ఉంచమనండి. ఫోన్ యాప్ ఇంకో కథ. ఎంట్రాలో మనిషిని ఆపేశాక కూడా మా టెస్ట్ ఫోన్‌లో యాప్ పందొమ్మిది రోజులు తెరుచుకుంది. ఎస్‌ఎస్‌ఓ తలుపు దగ్గరే చూస్తుంది, లోపలున్నవాణ్ని బయటికి పంపదు. దానికి స్కిమ్ అనే వేరే ప్రమాణం ఉంది, మనిషి మానేసిన సంగతి ఎంట్రా నుంచి అప్లికేషన్‌కి మోసేది అదే. స్కిమ్ ఉందా, మీరు కొనే ప్లాన్‌లోనే ఉందా, సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక లోపల ఉండనిచ్చే సమయం) ఎన్ని గంటల్లో తెగుతుంది, లాగులు ఎన్ని రోజులుంచుతారు, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకుని కాంట్రాక్టుకి జత చేయండి. “ఫుల్ సపోర్ట్” అన్న మాటని కాగితం మీద పెట్టమంటే సేల్స్‌వాళ్ల మొహం ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

ప్రస్తుతానికి పేస్లిప్‌లూ ఫామ్ 16లూ దాంట్లోంచి తీసేసి పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌లు మెయిల్‌లో పంపుతున్నాం, సాఫ్ట్‌వేర్‌లో సెలవులు మాత్రమే నడుస్తున్నాయి. కాంట్రాక్టు రెండో ఏడాదిలో ఉంది, ఇంకా పది నెలలు మిగిలింది. నిన్ననే వాళ్ల అకౌంట్ మేనేజర్ ముందస్తు రెన్యువల్ ఆఫర్ పంపాడు. అందులో ఎస్‌ఎస్‌ఓ లైను ‘అడ్వాన్స్‌డ్ సెక్యూర్ ఎస్‌ఎస్‌ఓ’గా మారింది, మనిషికి ఇంకో పదిహేను రూపాయలు పెరిగింది.