తమ్ముడి కిడ్నీ, భార్య కిడ్నీ, జీవన్‌దాన్ కిడ్నీ: ఏది మేలు?

మా కవిటి వైపు డయాలసిస్ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల తరవాత మాట్లాడుకునేది దాని గురించే. బావకి కిడ్నీ మార్చాలన్నప్పుడు సోంపేట బస్సులో పక్కసీటాయన "రక్తసంబంధం ఉన్నోళ్ళదే పడుతుంది, పెళ్ళాంది పెడితే ఒళ్ళు తోసేస్తుంది" అని తేల్చేశాడు. మేమూ నమ్మేశాం.

అందులో సగమే నిజం. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి, తెల్లరక్తకణాలు వాటిని చూసే సొంతదా పరాయిదా అని పోల్చుకుంటాయి. అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు వస్తుంది కాబట్టి అమ్మ కిడ్నీ ఎలాగూ సగం కలుస్తుంది. తోబుట్టువులది మాత్రం లాటరీయే: పూర్తిగా కలవడానికి 25 శాతం, సగానికి 50, అసలు కలవకపోవడానికి 25. పూర్తిగా కలిసిన తమ్ముడుంటే ఇంక ఆలోచించక్కర్లేదు. బావ తమ్ముడికి ఏమీ కలవలేదు, అంటే గుర్తుల లెక్కలో వాడూ, బావ భార్య అయిన మా అప్పా (అక్క) ఒకటే!

బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ అవయవాలు పంచే సర్కారు పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి, ఇంకాస్త బాగా కలిసేదాని కోసం ఆగితేనో? నేనైతే ఆగమనను. బ్రెయిన్‌డెడ్ అయిన మనిషి ఒంట్లో కిడ్నీ అప్పటికే దెబ్బతింటుంది, ఆపైన ఐసుపెట్టెలో గంటల తరబడి ప్రయాణం, అలా నలిగిన కిడ్నీ మీద రోగనిరోధక వ్యవస్థ కన్ను తొందరగా పడుతుంది. బతికున్న మనిషిది పక్క థియేటర్ నుంచే వస్తుంది. అందుకే ఏమీ కలవని భార్య కిడ్నీ కూడా సగటున దానికన్నా ఎక్కువకాలం పనిచేస్తుంది. ఇచ్చేవాళ్ళెవరూ లేకపోతే మాత్రం డయాలసిస్ మీదే ఉండిపోయే కన్నా జీవన్‌దాన్ ఎంతో నయం.

రక్తం గ్రూపు కుదిరాక అసలు పరీక్ష క్రాస్‌మ్యాచ్, అంటే ఇచ్చేవాళ్ళ కణాల్ని పుచ్చుకునేవాళ్ళ రక్తంతో కలిపి చూడడం. ఇచ్చేవాళ్ళ గుర్తుల మీద ఒంట్లో ముందే యాంటీబాడీలుంటే కొత్త కిడ్నీ నిమిషాల్లో, గంటల్లో పాడైపోవచ్చు. ఇక్కడో తిరకాసు: భర్త కిడ్నీ భార్యకి పెట్టాలంటే ఇంకా జాగ్రత్తగా చూస్తారు, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డలోని భర్త గుర్తుల మీద ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉండొచ్చు.

చివరికి అప్పే ఇచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా ఆపే మందు టాక్రోలిమస్ పన్నెండేసి గంటలకి పడాల్సిందే కాబట్టి పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ ఆమె ఫోను మోగుతుంది, బావ ఎక్కడున్నా వెతుక్కొచ్చి మరీ మింగిస్తుంది. ఆ మందుకి పంపరపనస పడదట, రక్తంలో దాని మోతాదు పెంచేస్తుందట. పెరట్లో చెట్టు విరగకాసింది, కాయలన్నీ మా ఇంటికే వస్తున్నాయి.