పిండాల కల్చర్‌కు రోలర్ ఇంక్యుబేటర్: ఏ రకం కొనాలి, ఎక్కడ దెబ్బతింటుంది

తొమ్మిదిన్నర రోజుల ఎలుక (ర్యాట్) పిండాన్ని తల్లి గర్భం బయట 48 గంటలు పెంచాలంటే రోలర్ ఇంక్యుబేటర్ ఉండాల్సిందే. వీటిలో రెండు రకాలున్నాయి: మూత బిగించిన సీసాలను తిప్పేది ఒకటి, తిరుగుతున్న సీసాల్లోకి గ్యాస్‌ను ఆపకుండా పంపేది ఇంకొకటి. మేమైతే రెండోదే కొనమంటాం.

కారణం ఆక్సిజన్. మొదటి రోజు 5 శాతం చాలు, అంతకు బాగా మించితే న్యూరల్ ట్యూబ్ (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) సరిగా మూసుకోదు. యోక్ శాక్‌లో (పిండాన్ని చుట్టి ఉండి పోషణ అందించే సంచిలో) రక్తప్రసరణ మొదలయ్యాక 20 శాతం, చివరి గంటల్లో 40 శాతం దాకా ఇవ్వాలి. కార్బన్ డయాక్సైడ్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా 5 శాతమే. మూత బిగించే రకంలో గ్యాస్ మార్చిన ప్రతిసారీ సీసాలు బయటికి తీయాలి. ఈలోగా సీరం (రక్తం నుంచి తీసిన, పిండాలు పెరిగే ద్రవం) చల్లారిపోతుంది.

రెండో రకానికీ ఓ లోపముంది. గ్యాస్ పొడిగా వెళ్తే సీరం చిక్కబడి ఆస్మొలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత) పెరుగుతుంది. అందుకే గ్యాస్‌ను తడిపే సీసాలో నీళ్లు ఉదయం, సాయంత్రం చూసుకోవాలి. గ్యాస్‌ను సీరంలో బుడగలుగా వదలొద్దు, నురగ వస్తుంది. ఉష్ణోగ్రతకు తెర మీది అంకెను నమ్మొద్దు. నీళ్లు పోసిన సీసాలో థర్మామీటర్ పెట్టి 37–38 డిగ్రీలు ఉందో లేదో చూడండి. వేగం నిమిషానికి 30 చుట్లు చాలు.

సీరం చెడితే ఎంత మంచి యంత్రమైనా ఏమీ చేయలేదు. రక్తం గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్ చేయాలి, అంటే వేగంగా తిప్పి రక్తకణాలను వేరుచేయాలి. ఆలస్యమైతే ఆ సీరంలో యోక్ శాక్ ప్రసరణ, గుండె సరిగా ఏర్పడవు. తర్వాత 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, పిండానికి 1 మి.లీ. చొప్పున పోయాలి. ఎర్రబారిన సీరాన్ని మొహమాటం లేకుండా పారేయండి. యోక్ శాక్ బయట ఉండే రైకర్ట్ పొర తీసేటప్పుడు శాక్‌కు చిల్లు పడితే ఆ పిండాన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఎందుకింత పట్టింపు అంటే, ఈ వయసులో మాయ ఇంకా పనిలోకి దిగదు. శాక్ బయటి పొర (ఎండోడర్మ్) కణాలే సీరం ప్రొటీన్లను మింగి, లైసోజోమ్‌లలో (కణం లోపలి జీర్ణ సంచుల్లో) విడగొట్టి, అమైనో ఆమ్లాలుగా పిండానికి అందిస్తాయి. ల్యూపెప్టిన్ లాంటి పదార్థం ఆ విడగొట్టడాన్ని అడ్డుకుంటే పిండాన్ని నేరుగా తాకకుండానే దాని ఎదుగుదల దెబ్బతింటుంది. కాబట్టి ఫలితం చదివేటప్పుడు ముందు శాక్‌నే చూడాలి. బిగువుగా ఉండి, కొమ్మలు చాచిన రక్తనాళాల్లో రక్తం పారుతుంటే బాగున్నట్టు. ముడతలు పడి, రక్తం చుక్కలు చుక్కలుగా నిలిచిపోతే కల్చర్ పరిస్థితుల్నే ముందు అనుమానించాలి. ఆ తర్వాతే పిండం పొడవు, సోమైట్ల (వెన్నెముక, కండరాలుగా మారే ముద్దల) లెక్క. ప్రొటీన్ కొలత శాక్‌కూ పిండానికీ విడివిడిగా తీయకపోతే తప్పు ఎక్కడుందో తెలియదు.

పదకొండున్నర రోజులు దాటాక మాయ లేని లోటు మొదలవుతుంది, ఆపై ఎదుగుదలను ఈ యంత్రం నుంచి ఆశించొద్దు. కొనేముందు మాత్రం కరెంటు పోతే డ్రమ్ము తిరుగుతూనే ఉంటుందా అని అడగండి. తిరగడం ఆగితే సీరం కదలదు, పిండాలు అడుగుకు చేరి ఆక్సిజన్ అందక నలిగిపోతాయి.