స్కూల్లో ఉద్యోగం అన్నారు, ఫారంలో పర్యటన అని రాశారు: టీచర్లూ, జాగ్రత్త

ఎవరి గురించి చెబుతున్నానో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే "ఇంగ్లండ్‌లో టీచర్ ఉద్యోగం, వీసా వచ్చేదాకా బాధ్యత మాదే" అని ప్రకటన పెట్టే ఆ కన్సల్టెన్సీ వాళ్ళే. పేరు రాయను. రెండు విడతల ఫీజు కట్టాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చాను, ఒక సెకండరీ స్కూలు సైన్సు టీచరుగా తీసుకుంటోందని ఆఫర్ లెటర్ చూపించారు. నేపథ్యం ఇంతే, అంతకన్నా చెప్పే ఓపిక ఇప్పుడు లేదు.

బయోమెట్రిక్స్‌కు (వీసా కోసం వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి) వెళ్ళాల్సిన ముందు రోజు రాత్రి, నింపిన దరఖాస్తు కాపీ పంపమని అడిగాను. "మీకెందుకు మేడమ్, అంతా మేం చూసుకున్నాం" అన్నారు. పట్టుబట్టాక పంపారు. తెరిచి చూస్తే అది ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పెట్టుకునే స్కిల్డ్ వర్కర్ వీసా దరఖాస్తు కాదు. విజిటర్ వీసా! ప్రయాణ ఉద్దేశం: పర్యటన. అక్కడ నాకొక స్నేహితురాలు ఉందట, ఆమె ఇంట్లో రెండు వారాలు ఉంటానట, సెలవు అయిపోగానే తిరిగొచ్చి పాఠాలు చెబుతానట. ఆ స్నేహితురాలి పేరు నేను మొదటిసారి ఆ ఫారంలోనే చదివాను. ఆఖరి పేజీలో మాత్రం "పైన ఇచ్చిన వివరాలన్నీ నిజమే" అని నా తరఫున ధ్రువీకరణ సిద్ధంగా ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. అవతల ఉన్నాయన కంగారు కూడా పడలేదు. "ముందు దేశంలో అడుగు పెట్టండి, తర్వాత వర్క్ వీసాకు మార్చుకోవచ్చు, అందరూ అలాగే వెళ్తున్నారు" అన్నాడు. అది అబద్ధమండీ. బ్రిటన్‌లో విజిటర్‌గా దిగినవాళ్ళు అక్కడే ఉండి స్కిల్డ్ వర్కర్‌గా మారడానికి వీల్లేదు, విజిటర్ వీసా మీద ఉద్యోగం చేయడానికీ వీల్లేదు. పైగా దరఖాస్తులో మోసం చేశారని తేలితే పదేళ్ళ దాకా వీసా దరఖాస్తులు తిరస్కరిస్తారు. ఇదే అడిగాను. దానికి ఆయన సమాధానం: "మేడమ్, మీరు క్లాసులో పిల్లలకు చెప్పుకోండి, వీసాలు మాకు చెప్పకండి. ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్ళు ఇక్కడే ఉండిపోతారు." డబ్బు పోయిందన్న బాధ కన్నా ఈ మాటే ఇంకా చెవుల్లో మోగుతోంది. పదేళ్ళ నిషేధం పడేది నాకు, ధైర్యం చెప్పేది ఆయన. ఎంత ఔదార్యం!

ఆ రాత్రి నిద్ర ఎలాగూ లేదు, నియమాలు చదువుతూ కూర్చున్నాను. డబ్బు కట్టకముందు చేయాల్సిన పని కట్టాక చేశాను, అది వేరే సంగతి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, విదేశీయులను ఉద్యోగానికి స్పాన్సర్ చేయడానికి లైసెన్సు ఉన్న సంస్థల జాబితా ఉచితంగా దొరుకుతుంది. నా ఆఫర్ లెటర్ మీద ఉన్న స్కూలు అందులో లేదు. ఫలానా ఉద్యోగిని మేం స్పాన్సర్ చేస్తున్నామనే సర్టిఫికేట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌ను లైసెన్సు లేని స్కూలు ఇవ్వజాలదు, అది లేకుండా స్కిల్డ్ వర్కర్ వీసాకు దరఖాస్తే లేదు. ఆ సర్టిఫికేట్ కోసమే నా దగ్గర విడిగా "స్పాన్సర్‌షిప్ చార్జీ" వసూలు చేశారు! 2024 డిసెంబరు 31 నుంచి జారీ చేసే వాటికి ఆ ఖర్చును స్పాన్సర్ ఉద్యోగి మీద వేయకూడదని నిబంధన. లేని కాగితానికి, నేను కట్టనక్కర్లేని రుసుము. ఇంకో తమాషా చూడండి: ఇంగ్లండ్‌లో టీచర్లకు ఇచ్చే అర్హత హోదా క్యూటీఎస్. దానికి ఆన్‌లైన్ దరఖాస్తు ఉచితం. దాని "రిజిస్ట్రేషన్"కు కూడా నాకు బిల్లు వేసి, పైన "వీసా ఫైలు మొదటి దశ" అని రాశారు. క్యూటీఎస్ వేరు, వీసా వేరు, అది వచ్చినంత మాత్రాన వీసా రాదు.

మర్నాడు రద్దు చేయమంటే, కోపం చల్లార్చడానికి కాబోలు, "అమెరికా జె-1కు మారుస్తాం, మూడేళ్ళలో గ్రీన్‌కార్డు" అన్నారు. జె-1 టీచర్ కార్యక్రమం సాంస్కృతిక మార్పిడి కోసం పెట్టింది. మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో ఏడాదో రెండేళ్ళో, తర్వాత తిరిగి రావాలి. అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ ద్వారానే వెళ్ళాలి, కనీసం రెండేళ్ళ బోధన అనుభవం ఉండాలి. ఆస్ట్రేలియాకైతే "ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) అక్కర్లేదు" అని వాళ్ళ ప్రకటన. అక్కడ టీచర్ల అర్హతలు మదింపు చేసే ఏఐటీఎస్ఎల్ ఆ పరీక్షలో అడిగే స్కోరు చదవడం, రాయడంలో 7, మాట్లాడటం, వినడంలో 8. టీచర్లంటే ఏది చెప్పినా రాసుకునేవాళ్ళు అనుకున్నట్టున్నారు.

ఇది కొత్త మోసమూ కాదు. 2007 నుంచి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలోని లూసియానా పాఠశాలలకు వెళ్ళిన సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్ల నుంచి ఒక రిక్రూటర్ భారీ ఫీజులు గుంజింది. వాళ్ళు కోర్టుకెక్కితే 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. వాళ్ళు కలిసి నిలబడ్డారు కాబట్టి గెలిచారు. మన గ్రూపులో నేను ఒక్క ప్రశ్న అడిగితే అడ్మిన్ నన్నే తొలగించాడు.

బయోమెట్రిక్స్‌కు నేను వెళ్ళలేదు, దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. బయోమెట్రిక్స్ ఇవ్వకముందు ఉపసంహరించుకుంటే వీసా రుసుము తిరిగి ఇస్తారు. ఎవరి కార్డుతో కట్టారో ఆ కార్డుకే! కట్టింది కన్సల్టెన్సీ కార్డుతో. అంటే నా డబ్బు క్షేమంగా వాళ్ళకే చేరుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు స్కూలు పేరు అడిగి, లైసెన్సు జాబితాలో మీరే వెతకండి. స్కూలుకు నేరుగా, దాని సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. నింపిన ఫారం ప్రతి పేజీ చదివాకే సమ్మతి ఇవ్వండి. వీసా రుసుము మీ కార్డుతోనే కట్టండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, స్కాన్ కాపీలు చాలు.

నా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మూడో విడత కడితేనే ఇస్తామంటున్నారు. ఇలాంటి చోట నుంచి సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎవరికి ఫిర్యాదు చేశారో, ఎలా రాశారో దయచేసి కింద చెప్పండి.