ఒకే ఎండ, రెండు సముద్రాలు: బంగాళాఖాతం, అరేబియా

రెండూ దాదాపు ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, ఎండా ఒకటే. తేడా పైనీరు, కిందినీరు కలిసే తీరులో ఉంది.

అరేబియా సముద్రంలో కురిసే వానకన్నా ఆవిరయ్యే నీరే ఎక్కువ, అందుకే అది ఉప్పన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమాలియా వైపు నుంచి వీచే బలమైన గాలి పైనీటిని లోతుకంటా కలిపేస్తుంది. సోమాలియా, ఒమన్ తీరాల్లో అడుగునుంచి చల్లనీరు ఉబికి వస్తుంది. నడి వానాకాలంలోనే సముద్రం చల్లబడుతుంది.

బంగాళాఖాతం కథ వేరు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, పైగా వాన. ఈ తేలికైన నీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత చిలికినా కింది చల్లదనం సులువుగా పైకి రాదు. వానాకాలంలోనూ పైనీరు చాలాచోట్ల 28 డిగ్రీల పైనే.

చలికాలంలోనైతే తమాషాగా, ఉత్తర భాగంలో పైనీటికన్నా దాని కిందిపొరే వెచ్చగా ఉంటుంది. అప్పుడు చిలికితే పైకి వచ్చేది వేడే!

తుపాన్ల విషయంలో నాకు బంగాళాఖాతమే ఎక్కువ టెన్షన్. తుపాను తన కింది నీటిని తానే కలిపి చల్లబరుచుకుంటుంది, దాంతో దాని బలానికి బ్రేకు పడుతుంది. వానాకాలం ముగిశాక ఇక్కడ ఆ బ్రేకు సరిగా పడదు.