సైకోపీజీ2 నేమ్డ్ కర్సర్: పెద్ద రిపోర్టులు తీసేవాళ్లు తప్పకుండా వాడాల్సింది

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే పని నాది. సీజన్‌లో వచ్చే టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) లాట్ వారీగా, తేజ, 334, బాడిగ అని రకం వారీగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కుతుంటాయి, సీజన్ అయిపోయాక ఆడిటర్‌కి ఇవ్వాలి, మొత్తం లెడ్జర్ ఒకే సీఎస్‌వీ ఫైల్‌లో తీసివ్వమంటారు. కొట్లో ఉండేవేమో 4 జీబీ ర్యామ్ కంప్యూటర్లు.

పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే లైబ్రరీ సైకోపీజీ2. దాంతో మామూలు కర్సర్ (క్వెరీ పంపి, రిజల్ట్ చదువుకునే ఆబ్జెక్ట్) తెరిచి ఎగ్జిక్యూట్ కొట్టారంటే, ఆ లైన్ దాటేసరికే రిజల్ట్ మొత్తం మన మెషీన్ మెమరీలో కూర్చుంటుంది. రోలన్నీ ఒకేసారి తెచ్చే ఫెచ్‌ఆల్ తీసేసి ఫర్ లూప్ పెడితే సరిపోతుంది అనుకుంటారు చాలామంది, సరిపోదు, పైథాన్ లిస్ట్ ఒకటి తయారవ్వదు అంతే, అసలు బరువు అలాగే ఉంటుంది.

అదే కర్సర్‌కి ఒక పేరు ఇచ్చి తెరవండి, ఏ పేరైనా పర్లేదు, నేమ్డ్ కర్సర్ అంటే ఇదే. అప్పుడది పోస్ట్‌గ్రెస్‌లో డిక్లేర్ కర్సర్ అవుతుంది, అంటే రిజల్ట్ సర్వర్ వైపే ఉంటుంది, లూప్ తిరిగేకొద్దీ 2000 రోలు చొప్పున వస్తాయి, లారీ లోడంతా ఒకేసారి కొట్లో కుమ్మరించకుండా ముఠా హమాలీలు కొన్ని టిక్కీలు చొప్పున కాటా దగ్గరికి దించినట్టు. ఆ 2000ని కర్సర్‌కుండే ఇటర్‌సైజ్ అనే సెట్టింగ్‌లో మార్చుకోవచ్చు, రోలో పెద్ద టెక్స్ట్ కాలమ్స్ ఉంటే తగ్గించుకోవడం మంచిది. లెడ్జర్ ఎంత పెద్దదైనా టాస్క్ మేనేజర్‌లో పైథాన్ మెమరీ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పక్క విండోలో గుమస్తా తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) ప్రింట్ కొట్టుకుంటూనే ఉంటాడు. నాకు ఇంతకన్నా ఏం కావాలండీ, నిజంగా చాలా బాగుంది.

జాగ్రత్తలు ఉన్నాయి. దీంట్లో ఫెచ్‌వన్ వాడొద్దు, ఒక్కో రోకి ఒక్కోసారి సర్వర్ దాకా వెళ్లొస్తుంది, డేటాబేస్ క్లౌడ్‌లో ఉంటే ఇక తెల్లారినట్టే, ఫర్ లూపే పెట్టండి. మొదటి రో వచ్చేదాకా కాలమ్ పేర్లు ఉండే డిస్క్రిప్షన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి సీఎస్‌వీ హెడింగ్ దాన్నుంచి తీసేవాళ్లు ఒక రో చదివాకే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, లూప్ మధ్యలో అదే కనెక్షన్ మీద కమిట్ కొడితే కర్సర్ చచ్చిపోతుంది. కర్సర్ తెరిచేటప్పుడు విత్‌హోల్డ్ ట్రూ పెడితే బతుకుతుంది గానీ కమిట్ అప్పుడు మిగతా రోలన్నీ సర్వర్ తన దగ్గర దాచి పెట్టుకోవాలి, ఆ భారం ఎందుకు, చదవడానికో కనెక్షన్, అప్‌డేట్‌లకి ఇంకోటి పెట్టుకోవడమే నయం. పని అవ్వగానే ట్రాన్సాక్షన్ మూసెయ్యండి, గంటల తరబడి తెరిచి ఉంచితే పోస్ట్‌గ్రెస్‌లో చెత్త ఊడ్చే వాక్యూమ్ పాత రోలని శుభ్రం చెయ్యలేదు.

రెండు మూడొందల రోల బిల్లు స్క్రీన్‌కి ఇదంతా అక్కర్లేదు, మామూలు కర్సరే హాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సైకోపీజీ 3 తీసుకోండి, ఇదే సదుపాయం సర్వర్ కర్సర్ అని ఉంది, కాకపోతే అందులో ఇటర్‌సైజ్ డిఫాల్ట్‌గా 100 మాత్రమే, పెద్ద రిపోర్టులకి పెంచుకుని వాడండి.