పాత లారీకి యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ కొంటున్నారా? ముందు మీటర్ పెట్టి చూడండి

2017–2020 మధ్య కొన్న బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాల) లారీలు నడుపుతున్న ఓనర్లకు, డ్రైవర్లకు ఈ హెచ్చరిక. రేస్ పెడల్ ఎంత తొక్కారో ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పేది పెడల్ సెన్సార్. ఈ బండ్లకు దాని కంప్లయింట్లు వచ్చే వయసు వచ్చింది. కొన్ని షాపుల్లో కంపెనీ డబ్బాలో లోకల్ సెన్సార్ పెట్టి ఒరిజినల్ రేటుకు అంటగడుతున్నారు. బిగించాక పని చేయకపోతే "ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదు" అంటారు.

కంప్లయింట్ ఇలా ఉంటుంది: రేస్ తొక్కినా ఇంజన్ లేవదు, ఆర్‌పీఎం ఒకే చోట నిలబడిపోతుంది, చెక్ లైట్ వెలుగుతుంది. కీ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే ఉంటుంది. స్కానర్ పెడితే పీ2138 అనే ఫాల్ట్ కోడ్ వస్తుంది, వెంటనే సెన్సార్ మార్చాలంటారు మెకానిక్‌లు. ఆ కోడ్‌కు అర్థం సెన్సార్ పోయిందని కాదు. పెడల్ నుంచి వచ్చే రెండు సిగ్నళ్ళకు పొంతన కుదరడం లేదని, అంతే. తప్పు వైరులోనూ ఉండొచ్చు.

కొనే ముందు బ్రేక్ లైట్లు చూడండి. బ్రేక్ పెడల్ మీద కాలు లేకపోయినా అవి వెలుగుతూ ఉంటే బ్రేక్ స్విచ్ ఇరుక్కుంది. బ్రేక్, రేస్ రెండూ ఒకేసారి నొక్కారనుకుని చాలా ఈసీఎంలు (ఇంజన్ కంప్యూటర్లు) రేస్ కట్ చేస్తాయి. స్విచ్‌తో పోయేదానికి పెడల్ మొత్తం మార్పించకండి.

తర్వాత కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. సాధారణంగా ఆరు వైర్లుంటాయి: రెండు సప్లై, రెండు ఎర్త్, రెండు సిగ్నల్. సప్లై 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. లేకపోతే సెన్సార్ జోలికి పోకండి. అదే 5 వోల్టుల లైన్ మీదున్న ఇంకో సెన్సార్ షార్ట్ అయినా ఇలాగే పడిపోతుంది. చాలా మోడళ్ళలో కాలు తీసినప్పుడు మొదటి సిగ్నల్ 0.7–0.8 వోల్టులు, పూర్తిగా తొక్కితే 4 దాకా వస్తుంది. రెండోది ఎప్పుడూ అందులో సగం. మీ మోడల్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. పెడల్‌ను చాలా మెల్లగా నొక్కండి. మధ్యలో ఎక్కడైనా రీడింగ్ ఎగిరినా, పడినా లోపల ట్రాక్ (సిగ్నల్ ఇచ్చే పట్టీ) అరిగి ఉండొచ్చు. పెడల్ ఎక్కువగా కదిలే చోటే అరుగుదల ముందు కనిపిస్తుంది.

వైరు ఇన్సులేషన్‌కు సూది గుచ్చి రీడింగ్ తీయనివ్వకండి. ఆ చిల్లులోంచి నీళ్ళు దిగి వైరు కుళ్ళిపోతుంది. కనెక్టర్ వెనక నుంచే పిన్ తాకించాలి. క్యాబిన్ కడిగిన నీళ్ళకు పిన్నులు చిలుము పడతాయి. క్యాబిన్ లేపి దించే చోట వైరింగ్ నలిగి తెగుతుంది. ఈ రెండూ చూడకుండా కొత్త సెన్సార్ వేస్తే పాత కంప్లయింటే మళ్ళీ వస్తుంది.

ఇవన్నీ చూశాక సెన్సారే పోయిందని తేలితే, పాతదాని మీదున్న పార్ట్ నంబర్ రాసుకుని అదే అడగండి. నంబర్ డబ్బా మీదే కాదు, సామాను మీద కూడా ఉండాలి. డబ్బాకు ఎంఆర్‌పీ, తయారీ నెల లేకపోతే వదిలేయండి. లోకల్ సరుకైతే రెండో సిగ్నల్ కాలు తీసినప్పుడు సగం చూపించి, తొక్కేకొద్దీ లెక్క తప్పొచ్చు. అందుకే బోల్టులు బిగించకముందే, కీ ఆఫ్‌లో కనెక్టర్ తగిలించి, కీ ఆన్ చేసి రెండు రీడింగులూ షాపువాళ్ళ ముందే తీయండి. దానికి ఒప్పుకోని షాపులో కొనొద్దు.

ఒక్క సిగ్నల్‌నే రెండు వైర్లకూ కలిపి, లేదా రెసిస్టర్ వేసి బండి నడిపిస్తామనేవాళ్ళకు బండి అప్పగించకండి. ఒక ట్రాక్ చెడితే రెండోది చూసి ఈసీఎం రేస్ ఆపాలి. ఆ కాపలా తీసేస్తే లోడుతో ఘాట్ దిగుతున్నప్పుడు కాలు తీసినా ఇంజన్ లేవొచ్చు.

బిల్లులో పార్ట్ నంబర్ రాయించుకోండి, పాత సెన్సార్ మీ దగ్గరే ఉంచుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. లారీ వ్యాపారానిది కాబట్టి మీకు హక్కు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సొంతంగా నడుపుకుంటూ దాని మీదే బతికేవాళ్ళను 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.